బెజవాడ కొండవీధిలో దరియావలి

మనుబోలు దరియావలి చాలా ఏండ్లు జట్కా తోలి, ఆ తరువాత కారు పట్టినవాడు. జట్కా కాలం నాటి మర్యాద ఒకటి ఆయనతోపాటు కారులోకి కూడా వచ్చింది. సంతలో గాని, దర్గా దగ్గర గాని, పెళ్లివారి వాకిట్లో గాని బండి నిలిపినవాడు దానిని కదలకుండా బిగించి పోవడం తోటివారిని అవమానించడమేనని ఆయన అభిప్రాయం. వెనుక గడ్డిబండి వస్తుంది, ఉప్పుబండి వస్తుంది. వాళ్లకూ దారి కావాలి. అందుచేత కారు దిగేటప్పుడు గేరు తప్పించి, చేతిబ్రేకు జోలికి పోకుండా, చుట్టూ ఉన్నవాళ్లతో “అడ్డమైతే అట్ట నెట్టుకోండన్నా” అని చెప్పి మరీ వెళ్లేవాడు. ఆ చుట్టుపక్కల డ్రైవర్లందరిదీ ఇంచుమించు అదే పద్ధతి. నెల్లూరు పక్క తోటపల్లి గూడూరు మొదలుకొని కొడవలూరు దాకా నేలంతా వరిమడి. కారు నిలిపిన చోట నిలిచేది, నెట్టిన చోటికి పోయేది. ఆయన కారెక్కించిన ఎత్తులలో చెప్పుకోదగ్గది కాలువగట్టు ఒక్కటే.

అరవై నాలుగో సంవత్సరం వేసవిలో, తోటపల్లి గూడూరు రైసుమిల్లు యజమాని ముత్యాలయ్య మరసామాను కొనడానికి బెజవాడ బయలుదేరాడు. కారు ఆయనది, తోలేవాడు దరియావలి. ఆ ప్రయాణం ఖాయమైన రోజు నుంచి దరియావలి భార్య ముంతాజ్ బేగం భర్తను ఊపిరాడనివ్వలేదు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు నూర్‌బీని బెజవాడకే ఇచ్చారు. అల్లుడు చోటే సాహెబ్ రేకు లాంతర్లు చేసే పనివాడు. అతనికి భిలాయి ఉక్కు కర్మాగారంలో పని దొరికిందనీ, కాపురం ఎత్తుకొని వెళ్లిపోతున్నారనీ, పిల్ల ఏడుస్తున్నదనీ రొట్టెల పండుగకు వచ్చిన బంధువులెవరో చెప్పిపోయారు.

“పిల్లను ఒంటరిగా కూర్చోబెట్టి అడుగు. పొయ్యేది ఇష్టమా కాదా అని. ఆళ్లత్త చెప్పింది నమ్మబాక. కాదంటే మాత్రం వెంటబెట్టుకొని రా,” అన్నది ముంతాజ్ బేగం.

వాళ్లు బెజవాడ చేరేసరికి, చోటే సాహెబ్ కుటుంబం ఆ మధ్యాహ్నం రైలుకే బయలుదేరుతున్నదని తెలిసింది. ముత్యాలయ్య మంచి మనిషి. మరసామాను దుకాణం ముందు దిగిపోతూ, “కారు తీసుకొని పో దరియావలీ. అల్లుడింటికి మూట నెత్తిన పెట్టుకొని నడిచిపోతే ఏం బాగుంటాది? నేను సాయంత్రం దాకా ఈడనే ఉంటా,” అన్నాడు.

నడిచి వెళ్లి ఉంటే ఏ చిక్కూ లేకపోయేది. కాని వియ్యాలవారి గడప ముందు కారు దిగడమన్నది దరియావలికి మళ్లీ రాని అవకాశంగా తోచింది. వెనుక సీటులో నెల్లూరు మొలగొలుకుల బియ్యం మూట ఉంది. బెజవాడ బియ్యం గొంతు దిగడం లేదని కూతురు ఎప్పుడో అన్న మాటను ముంతాజ్ బేగం మరచిపోలేదు.

వన్‌టౌనులో అడుగుపెట్టగానే ఆయన ధైర్యం సగానికి సగం తగ్గింది. రిక్షాలు కుడినుంచీ ఎడమనుంచీ ముక్కు దూరుస్తున్నాయి. కాలువ దగ్గర పోలీసు చేయెత్తింది ఆగమనో పొమ్మనో అర్థం కాక మధ్యలో నిలిచిపోతే, వెనుకనున్న జట్కావాడు కొరడా కామతో కారు డొక్కలో పొడిచాడు. చివరకు చోటే సాహెబ్ ఉండే కొండవీధి దొరికింది. దొరికిందన్న మాటే గాని, ఎదురుగా కనిపించింది వీధి కాదు, నిలబెట్టిన నిచ్చెన. ఇళ్ల మీద ఇళ్లు, వాటి మీద ఇళ్లు. ఒకరి పెరటి గోడ మరొకరి వాకిలి. కారు రెండు బారలు ముందుకు పోవడం, ఆగడం, ఒక బార వెనక్కి జారడం. ఆగిన ప్రతిసారీ వెనుకనుంచి కేకలు.

“పైకెళ్తున్నారా, కిందికొస్తున్నారా? ఏదో ఒకటి చెప్పండి, మేం పక్కకి తప్పుకుంటాం,” అన్నాడొక రిక్షావాడు.

ఎలాగో మెట్ల మొదలుకు చేరాడు. అక్కడినుంచి పైకి కారు పోదు. మెట్ల ముందు చాకలి దుకాణం దగ్గర ఒక పెరడంత మేర నేల సమంగా ఉంది. అది చూడగానే ప్రాణం లేచివచ్చింది. కారు అక్కడ ఆపి, గేరు తప్పించి, మూట భుజానికెత్తుకొని, అలవాటు ప్రకారం అటూ ఇటూ చూసి, “అడ్డమైతే అట్ట నెట్టుకోండన్నా” అని చెప్పి మెట్లెక్కసాగాడు.

ఆ మాట విన్నది కిరసనాయిలు తోపుడుబండివాడు. అతనికి దారి కావలసి వచ్చింది. చెప్పిన ప్రకారమే కారును నెట్టాడు. సమంగా ఉన్న నేల అయిపోయేదాకా కారు పెద్దమనిషిలా కదిలింది. ఆ తరువాత వాలు అందుకున్నది.

అరుపులు విని వెనుదిరిగిన దరియావలి మూటను మెట్టు మీదనే వదిలి పరుగెత్తాడు. తెరచివున్న తలుపులోనుంచి లోపలికి పడి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకొని, బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. కారు ఆగింది. దాని వెనుక బంపరుకూ, దిగువన గంగులయ్య అనే ముసలాయన అమ్మకానికి పేర్చిన నీళ్లకుండల బారుకూ మధ్య చేయి దూరేంత చోటు మిగిలింది.

దరియావలి ఊపిరి పీల్చుకొని చేతిబ్రేకు లాగాడు. సముద్రపుగాలికి ఏండ్ల తరబడి తుప్పు పట్టిన తీగ లోపలెక్కడో పుటుక్కుమని తెగి, పిడి వదులుగా చేతిలోకి వచ్చింది. గేరు వేసి కాలు కొంచెం సడలించి చూశాడు. బిగువు తప్పిన పాత ఇంజను పట్టి నిలపలేక, కారు ఉండి ఉండి ఒక్కొక్క కుదుపుతో వెనక్కి జారసాగింది. ఎవరో చక్రం కింద ఇటుక పెట్టారు. అది నలిగి ఎర్రటి పొడి అయింది. మళ్లీ బ్రేకు తొక్కాడు. ఈసారి బంపరు మొదటి కుండను తాకి నిలిచింది.

గంగులయ్య వచ్చి కిటికీలోనుంచి తొంగి చూశాడు. “ఏ ఊరండీ మీది?”

“నెల్లూరు పక్క.”

“అదీ సంగతి. అక్కడ నేల చాప పరిచినట్టుంటుందటగా. మరి కాలు తీయరా?”

“తీస్తే ముందు నీ కుండలు, తరువాత ఆ కింది రిక్షాలు పోతాయన్నా.”

“అయితే తీయకండి. సాయంత్రం దాకా తీయకపోయినా నాకేం అభ్యంతరం లేదు,” అని గంగులయ్య నీడకు పోయి కూర్చున్నాడు. “ఇక్కడ చుట్టూ కొండే గాని, చక్రం కిందికి పనికొచ్చే రాయి ఒక్కటీ లేదు. అన్నీ గోడల్లోకి పోయాయి.”

వీధి రెండు వైపులా మూసుకుపోయింది. పైన కిరసనాయిలు బండి, కింద రిక్షాల వరుస. ఎండ కారు రేకును కాలుస్తున్నది. ముందుగా మోకాలు నొప్పిపెట్టింది, తరువాత పిక్క బిగుసుకుపోయింది, ఆ తరువాత పాదం తనదేనా అన్నంత మొద్దుబారింది. తల వంచితే, ముందు అద్దంలోనుంచి పై వరుసలో చోటే సాహెబ్ ఇల్లు కనిపిస్తున్నది. ఆ ఇంటి అరుగు మీదికి ఒక పెట్టె వచ్చింది. తరువాత పరుపుచుట్ట. తరువాత మరొక పెట్టె. కూతురు వెళ్లిపోతున్నదని ఆయనకు ఆ సామాను వరుసగా చెబుతున్నట్లుంది. ఇంత దూరం వచ్చి, ఇంత దగ్గరగా ఉండి, అడగవలసిన ఒక్క మాట అడగకుండా ఈ డబ్బాలో కూర్చోవలసిందేనా?

ఒక్కటే దారి కనబడింది. అది ఆయనకు తల తీసినట్లున్న దారి. వియ్యాలవారింటికి తాను వెళ్లాలి గాని, కూతురిని నడివీధిలోకి పిలిపించుకోవడం ఏ తండ్రీ చేయని పని. చాలాసేపు ఓర్చుకున్నాడు. అరుగు మీదికి నాలుగో మూట రాగానే ఓర్పు చచ్చింది.

“అన్నా, ఆ పైనున్న లాంతర్ల చోటే సాహెబ్ ఇంటికి ఒక మాట చెప్పి పంపుతారా? నూర్‌బీ వాళ్ల నాయన వచ్చినాడని చెప్పండి. ఎక్కి రాలేకుండా ఉండాడని చెప్పండి.”

“మంచం పట్టినట్టు చెప్పమంటారా, కారు పట్టినట్టు చెప్పమంటారా?” అన్నాడు గంగులయ్య, కాని తానే లేచి మెట్లెక్కాడు.

నూర్‌బీ దిగి వచ్చింది. కొంచెం చిక్కింది. నడకలో మాత్రం పుట్టింట్లో లేని ఒడుపు వచ్చింది. ఆ ఏటవాలు మెట్లను చూడకుండానే దిగుతున్నది. మెట్టు మీద పడివున్న మూటను చంకనెత్తుకొని, అవతలి తలుపు తీసి తండ్రి పక్కన కూర్చుంది.

“దిగవా నాయనా?”

“దిగితే బండి పోతాదమ్మా.”

ఆమె ఆయన కాలి వైపు చూసింది, వెనుకనున్న కుండల వైపు చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

“నవ్వబాక. కాలు అదురుతా ఉంది,” అన్నాడు దరియావలి. తరువాత గొంతు తగ్గించి, “ఆ అద్దం పైకెక్కించు,” అన్నాడు.

ఆమె అద్దం బిగించింది. లోపల ఎండ ఇంకా ఎక్కువైంది, వీధి చప్పుడు తగ్గింది. పెళ్లయిన తరువాత తండ్రీ కూతుళ్లు ఇద్దరే ఒకచోట కూర్చోవడం అదే మొదటిసారి.

“నువ్వు ఏడస్తా ఉండావని చెప్పినారు. భిలాయి పొయ్యేది నీకు ఇష్టమేనా? కాదంటే చెప్పు. ఇప్పుడే, ఈ బండిలోనే తీసకపోతా.”

“ఈ బండిలోనా?” అని ఆమె మళ్లీ నవ్వబోయి, తండ్రి ముఖం చూసి మానుకుంది. బియ్యం మూట ముడిని వేళ్లతో తడిమింది. “పెళ్లికి ముందర అడగలేదే ఈ మాట.”

“అప్పుడు అడగాలని తెలీలేదు.”

“ఏడ్చినమాట నిజమే నాయనా. వచ్చిన కొత్తలో ఈ మెట్ల మీద నీళ్లు మోయలేక ఏడ్చినా. మొన్న ఈ మెట్లు వదిలిపోవాలని ఏడ్చినా. మీకు చేరింది ఏ ఏడుపో నాకు తెలీదు.”

“అయితే పోతావా?”

“భయంగానే ఉండాది. ఆడ మాట కూడా రాదు. ఆయన మాట తక్కువ మనిషి గాని, చెడ్డోడు కాదు.”

“నాతో వచ్చి కొన్నాళ్లుండి పోవచ్చు గదా.”

“వస్తే మళ్లీ పోలేను. అది నాకు బాగా తెలుసు.”

అది ఔననడమో కాదనడమో దరియావలికి వెంటనే బోధపడలేదు. ఇంకొకసారి అడగబోతుండగా ఎవరో అద్దం తట్టారు. వియ్యపురాలు. ఆమె గొంతు అద్దంలోనుంచి కూడా స్పష్టంగా వినిపించింది.

“ఏమండీ అన్నగారూ, గడప తొక్కకుండా బండిలోనే కూర్చుండిపోయారు, మేమేం అపచారం చేశామండీ?”

లేచి సలాం చేయడానికి వీలు లేక ఆయన స్టీరింగు మీదనుంచి ఒక చేయి మాత్రం ఎత్తగలిగాడు. “క్షమించమ్మా. కాలు కట్టుబడిపోయింది.”

నూర్‌బీ గబగబా కారు దిగి, అత్తతో రెండు మాటలు చెప్పి, మెట్లెక్కి పోయింది. దరియావలి అటే చూస్తూ కూర్చున్నాడు. అద్దం దింపలేదు. ఇదే ఆఖరి చూపేమో అనుకున్నాడు.

కాసేపటికి మెట్ల మీదనుంచి పెద్ద చప్పుడు వినబడింది. రైలుకెక్కించలేమని వదిలివెళుతున్న రుబ్బురోలును చోటే సాహెబ్, గంగులయ్య కలిసి మెట్టు మెట్టుకూ ఆపుకుంటూ దొర్లించుకొస్తున్నారు. ముందు నడుస్తూ వీధిని తొలగిస్తున్నది నూర్‌బీ. రోలు కారు వెనుకకు చేరింది. ఆమె కొంగు బిగించి వంగి, వాళ్లతో పాటు తానూ ఒక చేయి వేసి, దానిని చక్రం కిందికి ఒరిగించింది. తరువాత కిటికీ దగ్గరకు వచ్చి నిలబడింది.

“కాలు తియ్యి నాయనా.”

“నిలబడతాదంటావా?”

“నేను చూసి పెట్టినా. తియ్యి.”

ఆయన వెంట్రుకవాసి తీశాడు. కారు మూలుగుతూ రోలు మీదికి ఒరిగింది. ఇంకొంచెం తీశాడు. పూర్తిగా తీశాడు. కారు నిలిచింది. గంగులయ్య కుండలన్నిటినీ ఒక్కసారి కళ్లతో తడిమి చూసుకొని తల ఊపాడు.

దరియావలి తలుపు తీసి కాలు నేల మీద పెట్టాడు. మొద్దుబారిన కాలు ఆయనను మోయలేదు. తలుపు పట్టుకొని వేలాడుతున్నట్టుగా నిలబడ్డాడు. చోటే సాహెబ్ వచ్చి మామ మోచేయి పట్టుకున్నాడు. పట్టు గట్టిగా ఉంది. “జాగ్రత్త నాయనా,” అన్నాడు దరియావలి.

సామాను మనుషుల నెత్తిన దిగిపోయింది. వీధి మూసుకుపోవడం వల్ల, వాళ్లను స్టేషనుకు తీసుకుపోవలసిన జట్కా దిగువ మలుపు దగ్గరే ఆగివుంది. నూర్‌బీ బియ్యం మూటను ఎవరికీ ఇవ్వలేదు. తానే చంకన పెట్టుకుంది. తండ్రి ఒక అడుగు వేయబోయి తూలడం చూసి, “నువ్వు రాబాక. కూర్చో. అమ్మకు చెప్పు,” అన్నది.

“ఏమని చెప్పేది?”

“పోతా ఉండానని చెప్పు. నా నోటితోనే చెప్పినానని చెప్పు.”

ఆమె దిగిపోయింది. రిక్షాల మధ్యనుంచి ఆ మూట కొంతసేపు కనిపించింది, తరువాత కనిపించలేదు.

కాలికి నెత్తురు తిరిగి, వేయి సూదులు గుచ్చినట్లయి, చివరకు స్వాధీనంలోకి వచ్చింది. కారు తిప్పడానికి ఆ వీధిలో చోటు లేదు. వచ్చిన దారినే వెనక్కి దించాలి. దరియావలి ఎక్కి బ్రేకు తొక్కి పట్టాడు. కుండలను పక్కకు జరిపి, రిక్షాలను తప్పించి, రోలు తీశారు. గంగులయ్య, చాకలి, కిరసనాయిలువాడు, ఇందాక ఎగతాళి చేసిన రిక్షావాడు కూడా కారు వెనుక అరచేతులు ఆనించి నిలబడ్డారు.

“వదలండి నెల్లూరాయనా. మేమున్నాం,” అన్నాడు రిక్షావాడు.

దరియావలి మెడ వెనక్కి తిప్పి, దిగువ మలుపు మీదనే చూపు నిలిపి, గోరంత గోరంత కారును వదలసాగాడు. వాళ్లు ఆపినప్పుడు ఆగుతూ, రమ్మన్నప్పుడు వస్తూ మలుపు దగ్గరకు చేరేసరికి అక్కడ గుర్రపు లద్దె, కొంచెం ఎండుగడ్డి మాత్రం ఉన్నాయి.