దూదిగొర్రెను ఛీకొట్టిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు ఫోనులో, గులాబీపూల మధ్య వచ్చింది. రెండు పావురాలు, ఒక జలపాతం, వెలుగుతున్న కొవ్వొత్తి, వీటి నడుమ గుండ్రటి చట్రంలో ఆమె మొహం. ఎవరో ఆ మొహాన్ని తెల్లగా తోమి, పెదాలకు రంగు కూడా పూశారు. చావు కబురు చూస్తే ముందు ఏడుపు రావాలి. నాకు అసహ్యం వచ్చింది, ఏడుపు ఆ తర్వాత వచ్చింది. ఆ బొమ్మ కంటబడితే ఆమె ఏమనేదో నాకు తెలుసు. "ఛీ" అనేది.

మీలో చాలామందికి ఆమె తెలియదు. మా అమ్మకు అక్క. కొండాపురం దగ్గర మా పల్లెలో, చర్చి పక్కనున్న గదిలో, ఒంట్లో ఓపిక ఉన్నంత కాలం ఆదివారం బడి నడిపింది. నేను ఆత్మకూరులో ఉంటూ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి బతుకుతున్నాను. బొమ్మలు ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే కాలేజీ పేరు చెప్పి ఊరుకుంటాను. అసలు నేర్చుకున్నది ఆమె ఛీ దగ్గరే.

నేను ఆ బడిలో చదివే రోజుల్లో ఒకసారి ఎక్కడినుంచో అచ్చుబొమ్మ వచ్చింది. తప్పిపోయిన గొర్రెను భుజాన వేసుకొస్తున్న కాపరి. కాపరికి బంగారురంగు జుట్టు, ఇస్త్రీ చెదరని అంగీ. భుజం మీద తెల్లటి ఉన్నిముద్ద. మా పిల్లలందరి ఇళ్లలోనూ గొర్రెలున్నాయి. మా వైపు జుడిపి గొర్రెకు పొడుగు కాళ్లు, ఒంటినిండా పొట్టి తెల్లబొచ్చు, కళ్ల చుట్టూ మూతి మీదా కాటుక పెట్టినట్టు నలుపు, గొంతు కింద వేలాడే రెండు తోలు లోలకులు. అందుకే మా ముందు వరసలో పిల్లాడొకడు లేచి, "టీచరమ్మా, ఆయన కుక్కపిల్లనెందుకు ఎత్తుకున్నాడు?" అని అడిగాడు. గదంతా నవ్వు. పెద్దమ్మ నవ్వలేదు. బొమ్మను కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది.

"ఛీ. దూదిమూటకు కాళ్లు పెట్టినారు. దీన్ని తోడేలు కూడా ముట్టదు."

మరుసటి ఆదివారానికి గది గోడ మీద కొత్త బొమ్మ ఉంది. సున్నం, కావి, బొగ్గు, బట్టలకు పెట్టే నీలిమందు, అంతే ఆమె రంగులు. కాపరికి మా తాత మొహం పెట్టింది. మోకాళ్ల కింద ముళ్లు గీరిన గీతలు. వెనక ఉదయగిరి దుర్గం కొండ. భుజం మీద అసలు సిసలు జుడిపి, కళ్లు మిటకరించి మనకేసి చూస్తూ. ఇక ఒక మూల, కర్ర పట్టుకుని మిగతా మందను కాస్తున్న ఒక ఆడమనిషి. కథలో ఆమె లేదు గదా అని పాస్టరయ్య అడిగాడు.

"మరి మిగతా గొర్రెల్ని ఎవురికి అప్పజెప్పి పోయినాడయ్యా ఆయన? ఇంట్లో ఆడమనిషి లేకుండా మంద నిలస్తాదా?" అంది పెద్దమ్మ. పాస్టరయ్య తల గోక్కుని వెళ్లిపోయాడు.

ఏటేటా ఆ గోడకు మళ్లీ రంగులు వేసేది, వేసినప్పుడల్లా ఏదో ఒకటి మార్చేది. మా వైపు కాపరులు కుండలు మాని ప్లాస్టిక్ సీసాలు తగిలించుకోవడం మొదలుపెట్టిన ఏడు, గోడమీది కాపరి నడుముకూ సీసా వేలాడింది. సెల్లు కూడా పెడతావా అని ఏడిపించాను. "పెడతా. సిగ్నలు లేకనే గదా గొర్రె తప్పిపోయింది" అంది.

సెలవుల్లో నన్ను వెంటబెట్టుకుని ఆత్మకూరు వచ్చేది. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. లారీల వెనక బొమ్మలు, చీరల అంచులు, అగ్గిపెట్టెలు, బిస్కెట్ పొట్లాల మీది ఆవులు, అన్నీ నిలబడి చూసేది. మెచ్చుకోవడం మహా పిసినారి. ఉదయగిరి చెక్క గరిటె ఒకటి చేతిలోకి తీసుకుని పిడి తడిమి, "దీన్ని చేసిన మనిషి అన్నం వడ్డించినాది" అన్నది, అదే నేను విన్న పెద్ద మెప్పు. ఛీలకు మాత్రం లోటు లేదు. ఆమె మంచాన పడకముందు ఒక కల్యాణమండపంలో ఫొటోలు దిగడానికి గోడమీద రెక్కలు వేసి ఉంటే, వాటి ముందు ఆడపిల్లలు వరసకట్టారు. ఆమె పక్కనే నిలబడి, "కోడికైనా భుజం కాడ మొలస్తాయి గదే. ఈళ్లకేంది, నడుం కాడ మొలిచినాయి?" అని గట్టిగానే అంది. పెళ్లివాళ్లు మొహాలు చిట్లించుకున్నారు. నేను ఇంకో పక్కకు తిరిగి నవ్వుకున్నాను.

చిన్నప్పుడు ఆమెను చూసి నాకూ ఆ రోగం అంటుకుంది. బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ చూసి నేనూ ఛీ అన్నాను. ఆమె నడక ఆపేసింది.

"ఏది ఛీ?"

"అంతా."

"అంతా ఛీ అనేది చేతగానోళ్ల మాట. ఏది ఛీయో చెప్పు. చెప్పినాక నువ్వు గీసి చూపియ్యి. ఛీ అన్నోళ్లు గీసి చూపియ్యాల పాపా. లేకుంటే అది ఒట్టి ఉమ్మే."

ఆ మాటే నాకు అన్నం పెడుతోంది. ఆమె మంచాన పడ్డాక ఒక ప్రచురణకర్త నాకొక బొమ్మ పంపాడు. కంప్యూటరే వేసిందట, కాస్త సరిచేసి ఇస్తే చాలట. తెలుగు పల్లె అట. పేడ వేయని ఆవులు, ఆడవాళ్లందరికీ ఒకటే ముక్కు, ఒకామె నడుములోంచే బిందె మొలిచి ఉంది. ఫోను చేసి పెద్దమ్మకు అంతా చెప్పాను. ఆమె గొంతు అప్పటికే సన్నగిల్లింది.

"అందులో ఎవురికన్నా చెమట పట్టిందా?"

"లేదు పెద్దమ్మా."

"అయితే నువ్వు చెమట కాడ మొదలుపెట్టు."

మొదలుపెట్టాను. కొంగుతో మెడ తుడుచుకునే మనిషి ముందు వచ్చింది, ఆమె వెనక పల్లె మొత్తం వచ్చింది.

ఆ రోజుల్లోనే చర్చి గదికి కొత్త హంగులు చేయించాలని పెద్దలు తలపెట్టారు. ముందు నిలబడింది సంఘపెద్ద. చిన్నప్పుడు కుక్కపిల్ల అని అడిగింది ఈయనే. పెద్దమ్మ ఆయన్ను మంచం దగ్గరికి పిలిపించుకుంది. "ఫ్యాన్లు పెట్టుకోండి, కుర్చీలు తెచ్చుకోండి. ఆ గోడ జోలికి మాత్రం పోవద్దురా" అంది. ఎవరినీ ఏదీ అడగని మనిషి అడిగింది అదొక్కటే. "అట్నే టీచరమ్మా" అన్నాడాయన. నేను పక్కనే ఉండి విన్నాను.

పోయాక ఆమెను ఆ గదిలోనే పడుకోబెట్టారు. లోపలికి వెళ్లి చూద్దును గదా, గోడ లేదు. పైనుంచి కిందిదాకా పాలరాతి చారల ప్లాస్టిక్ షీట్లు. నడుమ పెద్ద ఫ్లెక్సీ: జలపాతం, బంగారుజుట్టు కాపరి, భుజం మీద అదే దూదిమూట. దాని కింద మా పెద్దమ్మ పెట్టె. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మెరుపు, ఆ చారలు, ఆ జిగట నీలిరంగు చూడలేక సంఘపెద్ద దగ్గరికి పోయాను.

"అన్నా, ఆమె అడిగింది ఒక్కటే గదా."

"ఏం చేస్తాం మా, గోడ చెమ్మ పట్టిపోయినాది. ఇప్పుడంతా ఇదే మోడల్. టీచరమ్మకు చెప్పలేదులే, బాధ పడతాదని."

బాధ పడుతుందని తెలిసే చేశారన్నమాట. శవం ముందు అంతకన్నా మాట పెంచలేక బయటికి వచ్చేశాను.

మట్టి అయిపోయి అందరూ వెళ్లాక, ఫ్యాను ఆపడానికి మళ్లీ ఆ గదిలోకి వెళ్లాను. స్విచ్ బోర్డు కోసం షీటును కోసినవాళ్లు కొలత తప్పి ఎక్కువ కోశారు. బోర్డు పక్కన అరచెయ్యి మేర సందు. అందులోంచి నల్లటి కాటుక చుట్టిన కన్ను ఒకటి నాకేసి చూస్తోంది. జుడిపి కన్ను. అప్పుడు కూర్చుని ఏడ్చాను.

ఆదివారం దాకా ఉండిపోయి, బడి నేను చెబుతానన్నాను. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఒక్కొక్కరికీ ఆ సందు చూపించాను. సుద్దముక్కలు పంచి, "కన్ను చూసినారు గదా. మిగతా గొర్రెను మీరు గీయండి" అన్నాను. నేలంతా గొర్రెలు లేచాయి. ఒక పిల్ల ముందు లోలకులు గీసి, తర్వాత వాటికి గొంతు తగిలించింది. ఒక్కటీ దూదిది కాదు.

అంతలో సంఘపెద్ద తెల్ల సిమెంటు డబ్బా పట్టుకుని వచ్చాడు. ఎలుకలు దూరతాయట, సందు పూడ్చాలట. ఆయన గడప దాటబోతే పిల్లలు కేకలేశారు, "పెదనాయనా, తొక్కబాక, గొర్రె!" ఆయన మునివేళ్ల మీద గొర్రెల మధ్యగా నడిచి గోడ దగ్గరికి వెళ్లాడు. వంగి సందులో కన్ను పెట్టాడు. లేచి, ఇంకోవైపు తిరిగి, తను తెప్పించిన ఫ్లెక్సీకేసి చూశాడు.

"ఛీ" అన్నాడు.

ఏది ఛీ అని నేను అడగలేదు. ఆయన డబ్బాను గడప బయట పెట్టి వచ్చి, నా ముందు చెయ్యి చాపాడు.

"ఒక సుద్దముక్క ఇయ్ మా."

గది మూలన, పిల్లలు గీసిన మందకు చివర, మోకాళ్ల మీద కూర్చుని గీయడం మొదలుపెట్టాడు. చేతకాని చెయ్యి, చెరిపి చెరిపి గీశాడు. కాళ్లు మరీ పొట్టిగా వచ్చాయి, చీర ఎటో పోయింది. చేతిలో కర్ర మాత్రం నిటారుగా నిలబడింది. ఆడమనిషి మందను కాస్తోంది.