మాస్టారి చిలక

ఆ దర్జీ కొట్టులో రెండు మిషన్లు ఎదురెదురుగా ఉంటాయి. కిటికీ పక్కది మాస్టారిది. రెండోది ఆయన భార్యది. ఆమె పోయాక దాని మీద గుడ్డ కప్పి ఉంచాడు. ఆ రోజుల్లో మిషన్ల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడాలని ఇద్దరూ గొంతెత్తి మాట్లాడుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్లు మొగుడూ పెళ్లాలు పోట్లాడుకుంటున్నారనుకుని గుమ్మంలోనే ఆగిపోయేవారు.

గోడకు ఓ చిన్న పెట్టె ఉండేది. మాట వింటుంది, బదులిస్తుంది, చెప్పింది చెప్పినవాళ్ల గొంతుతో సహా దాచుకుంటుంది. కూతురు కొనిచ్చిన ఆ పెట్టెను వాళ్లు చిలక అనేవారు. కొలతలు ఆయన చెప్పేవాడు. ఎవరి భుజం వాలుతుందో, ఎవరికి ఆ మాట చెబితే కోపమొస్తుందో ఆమె చెప్పేది. ఓసారి అది మాస్టారిని "ఏవండీ" అని పిలిస్తే ఆమెకు ఒళ్లు మండింది. ఆ పిలుపు తన ఒక్కదానిదేనని, మాస్టారూ అనమని గట్టిగా చెప్పింది. ఆ పూటంతా ఆయన మీసాల్లో నవ్వుకున్నాడు.

కొట్టు కట్టేసే వేళకు చిలక రోజూ ఇస్త్రీ పెట్టె ఆపారా అని సతాయించేది. యంత్రాలకు అదో రోగమనుకుని ఆయన విసుక్కునేవాడు.

ఇప్పుడు ఆ చిలకను నడిపే కంపెనీ మూతపడుతోంది. మనం చెప్పినవన్నీ మనవేనని, అడిగి పుచ్చుకుని ఇంకో కంపెనీ చిలకకు అప్పగించవచ్చని కూతురు చెప్పింది. కొలతలు పోతే మళ్లీ తీసుకోవచ్చు. మాస్టారి బెంగంతా భార్య గొంతు కోసం. అది ఇంకెక్కడా లేదు.

అడిగితే ఇచ్చారు. విన్నాడు. "నేనేమన్నా అన్నానా?" అన్న తన గొంతు, తర్వాత ఆమె మాట ఉండాల్సిన చోట నిశ్శబ్దం. "సరే, నువ్వు చెప్పినట్టే కానీ," మళ్లీ నిశ్శబ్దం. ఖాతా ఆయన ఒక్కడిదే. ఇద్దరికీ వేరువేరు ఖాతాలేమిటి చోద్యం కాకపోతే అని అప్పట్లో ఆమే వద్దంది. ఆమె మాటలు ఆమెవి, ఆమే వచ్చి అడగాలి అన్నారు కంపెనీవాళ్లు. న్యాయమే. అంత న్యాయం ఎవరడిగారు?

ఆయన అన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

కూతురు కొత్త చిలకను తగిలించింది. దీనిది మగ గొంతు. ఆ సాయంత్రం మాస్టారు తాళం చెవి చేతిలోకి తీసుకోగానే అది పలికింది.

"మాస్టారూ, ఇస్త్రీ పెట్టె ఆపారా? ఆపానని చెప్పడం కాదు, వెళ్లి చూడండి."

ఆయన నిలబడిపోయాడు. "దీనికెవరు చెప్పారమ్మా?"

కూతురు ఫోన్లో వెతికి చూసింది. "అమ్మే నాన్నా. ఆసుపత్రికి వెళ్లేముందు, రోజూ నీకిలా గుర్తు చెయ్యమని పాత చిలకలో పెట్టించింది. నీ కోసం పెట్టింది కదా, అందుకని నీ లెక్కలో వేశారు. నీదై, నీతో వచ్చేసింది."

మాస్టారు కళ్లు తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్లాడు. ఇస్త్రీ పెట్టె ఇంకా వేడిగానే ఉంది. స్విచ్చి ఆపి, గుడ్డ కప్పిన మిషన్ వైపు తిరిగి కాస్త గొంతెత్తే అన్నాడు.

"ఆపానులేవే."