పొరుగు కణం గోడ ముక్క

మా కణజీవశాస్త్ర ఆచార్యురాలు సుగుణ మేడం పరమపదించారన్న వార్త హఫీజ్‌పేట్ స్టేషన్లో రైలు కోసం నిలబడ్డ నన్ను చేరింది. నిశ్చేష్టురాలినయ్యాను. ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి నా కొత్త వ్యాసాన్ని ఉతికి ఆరేసిన మనిషి! అంత నిండుగా తిట్టే గొంతు ఎలా ఆగిపోతుంది?

గోపన్‌పల్లిలో పుట్టి, ఆ పక్క విశ్వవిద్యాలయంలోనే ఆచార్యత్వం నెరపిన ఆ విదుషీమణి జీవితకాల జిజ్ఞాస ఒక్కటే. ఇరుగుపొరుగు కణాల గోడల్ని, అంటే వాటి పైపొరల్ని, కలుపుతూ సన్నని తలుపులుంటాయి, వాటిగుండా కణాలు కబుర్లు చెప్పుకుంటాయి. పని తీరాక ఒక కణం ఆ తలుపును అమాంతం తనలోకి మింగేస్తుంది. చిత్రమేమంటే, పొరుగు కణం గోడ ముక్క కూడా దాంతోపాటే వచ్చేస్తుంది. అదెలాగన్నదే ఆమె ప్రశ్న. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ తానే కొత్తగా విన్నట్టు ఆశ్చర్యపోయేవారు.

కొత్త శిష్యులకు దీక్షాప్రదానం చందానగర్‌లో వారి అపార్ట్‌మెంట్ మేడ మీద జరిగేది. రెండు దుప్పట్లను నడుమ గుండీలతో కలిపి, అటు కొందరు, ఇటు కొందరు పట్టుకోవాలి. ఇటువాళ్ళు నడిమి భాగానికి తాళ్ళు కట్టి లాగితే అవతలి దుప్పటి కూడా రావాలి. ఆరిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన కింది ఫ్లాట్ పెద్దావిడ ఒకసారి, “ఏవండీ మేడంగారూ, ఈ ఆట పిల్లలకా పెద్దలకా?” అనడిగింది. “కణాలకమ్మా!” అన్నారు మేడం.

ఆ రోజుల్లో ఆమె దగ్గర అదే ప్రశ్న మీద నా పరిశోధన ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అన్నట్టుండేది. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. చేరిపోదామనే నిశ్చయంతో, మర్యాద కోసం దుప్పట్ల పండక్కి వెళ్ళాను. అందరం లాగుతుంటే బట్టలారేసే పాత తాడు ఫట్టున తెగింది. వెల్లకిలా పడ్డాం. దుప్పటి నడుమ వంగి, లోపలికి రాక అక్కడే వేలాడింది.

“నా ప్రాజెక్టులాగే అయిందండి, మేడం,” అన్నాను.

ఆమె చప్పట్లు కొట్టారు. “ఏంది పిల్లా, గట్లంటవ్? దుప్పటి ఏడ ఆగిందో చూడు! నీ కణాలల్ల గూడ తాళ్ళు తెంపి చూడరాదు? నౌకరీ ఫికర్ జర పక్కన వెట్టు.”

కణంలోనూ ప్రోటీన్ తాళ్ళుంటాయి. కణానికి ఆకారాన్నిచ్చే అస్థిపంజరం అవే. వాటిని కరిగించే మందు వేశాను. తలుపులు దుప్పటిలాగే వంగి గోడ దగ్గరే ఆగిపోయాయి. మందు కడిగేశాక తాళ్ళు మళ్ళీ అల్లుకున్నాయి, తలుపులు గుండ్రటి ఉంగరాలై లోపలికి వచ్చాయి. పరుగెత్తుకెళ్ళి మేడంని పిలుచుకొచ్చాను. సూక్ష్మదర్శినిలో తనివితీరా చూసి, “ఇగ పో, ఆ కంపెనోళ్ళకు రానని చెప్పు,” అన్నారు. ఆ మాటే చెప్పాను. ఇప్పుడు అదే శాఖలో పాఠాలు చెబుతున్నాను.

ఆమె లేని లోటు తీరేది కాదు. ఆ విద్వత్తుకూ, ఆ నవ్వుకూ చేతులెత్తి మొక్కుతున్నాను.

నిన్న ఆమె తరగతి నేనే తీసుకున్నాను, దుప్పట్లతో సహా. నాది తెనాలి, అండీ లేకుండా నోట మాట రాదు. ఒకమ్మాయి తాడును మొహమాటంగా లాగుతుంటే, “ఏంది పిల్లా, గట్ల లాగితే వస్తదా? జర గట్టిగ గుంజు!” అని అరిచాను. తరగతంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చేశాను.

మేడం, మీ గోడ ముక్క నా దగ్గరే ఉందండి.