తుప్పు పట్టని కత్తి

ఆ రోజుల్లో మా వైపు కొత్తగా నౌకరీ వచ్చినవాడు ముందు చేతిగడియారం కొనుక్కునేవాడు. నేను మాత్రం కత్తి చేయించుకున్నాను. ధైర్యం ఎక్కువై కాదు లెండి, భయానికి ఏదో ఒక పిడి ఉండాలి కదా! రేగొండ దగ్గర అవ్వ (మా అమ్మను కన్నతల్లి) ఇంట్లో ఉంటూ, అడవి అంచున ఉన్న చిన్న ఊరి బడికి పంతులుగా నడిచి పోయి రావాలి. నాకు ముందున్న పంతులు జ్వరమని సెలవు పెట్టి మళ్లీ రానేలేదు. దారిలో కుంట దగ్గర, పొద్దు గూకే వేళ, ఏదో పేరు పెట్టి పిలుస్తుందనీ, పలికినవాడు ఇల్లు చేరడనీ అందరూ చెప్పుకునేవారు. పోకపోతే ఉద్యోగం ఊడుతుంది, పోతే ప్రాణానికే గ్యారంటీ లేదు.

కత్తి బాధ్యత అవ్వ కొడుకు, మా మిలట్రీ మామ తన నెత్తిన వేసుకున్నాడు. ఆయన సైన్యంలో తుపాకీ పట్టాడో గరిటె పట్టాడో గాని (గిట్టనివాళ్లు గరిటే అనేవారు), ఆయుధమంటే చాలు, పూనకం వచ్చేది. "అల్లుడూ, లడాయి కత్తికి పదునొక్కటే సాలదు. వానకు తుప్పు వట్టొద్దు, బొక్కకు, ఎముకకు తాకితే వంగొద్దు" అంటూ జనగామలో పాత ఇనుప సామాన్ల కొట్టు నుంచి ఒక స్టీలు బద్ద తెచ్చాడు. "తినే పళ్లాల స్టీలు మెత్తగుంటది, పదును నిలువది. గిది జూడు, అయస్కాంతానికి అంటుకుంటది. నిప్పుల కాల్చి నూనెల ముంచితే గట్టివడ్తది." కమ్మరాయన మాత్రం లారీ కమాను పట్టీకి మించింది లేదన్నాడు. సంగతి తేల్చడానికి మామ రెండింటి ముక్కలనూ రాత్రికి రాత్రి అవ్వ మామిడికాయ తొక్కు జాడీలో ముంచాడు. తెల్లారేసరికి కమాను ముక్క మీద ఎర్రటి తుప్పు. స్టీలు ముక్క తళతళలాడుతోంది. అవ్వ జాడీని పెంట మీద బోర్లించి మా ఇద్దరి మీదా విరుచుకుపడింది.

"తొక్కు పోతే పోయింది గని, తుప్పు వట్టనిది ఇనుమెట్లయితదిర? బాలింత తలాపున ఇనుము ఎందుకు పెడ్తం? గాలీ ధూళీ దానికి భయపడ్తది. గీ మెరుపుకు ఏం భయపడ్తది?"

మామ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాను. స్టీలు కత్తే నడుముకెక్కింది.

ముసురు పట్టిన ఒకనాడు బడి విడిచి కుంట దగ్గరికి వచ్చేసరికి అప్పటిదాకా గోల పెడుతున్న కప్పలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో పిలిచారు. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని నా ముద్దుపేరు! నోటిదాకా వచ్చిన "ఆ"ను మింగి కత్తి దూశాను. మామ పుణ్యమా అని అది అద్దంలా ఉంది. అందులో నా పాలిపోయిన ముఖం, దాని వెనక దూరంగా కదులుతున్న తెల్లటిదేదో కనిపించాయి. ఆ తెల్లటిది చప్పట్లు కొట్టింది. ఇక చూడండి నా పరుగు! చెప్పు బురదలో ఉండిపోయింది. చప్పట్లు మాత్రం వెంటే వస్తున్నాయి. ఊరి పొలిమేరలో కాలుజారి బోర్లా పడ్డాను.

"ఆగుర, నీ కాళ్లిరగ! ముసల్దాన్ని ఉరికిస్తవా?"

అవ్వ! తెల్లచీర, నడుమున దోపుకున్న తుప్పు పట్టిన పాత కొడవలి. మనసొప్పక, నా చేతికి ఇనుము ఇద్దామని కుంట దగ్గర కాపుకాసిందట. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"గట్ల పేరు వెట్టి పిలుస్తరా అవ్వా? పాణం పోయినంత పనయింది!"

ఆయాసపడుతూనే అవ్వ నడుమున ఉన్న కొడవలి లాగింది.

"పొద్దు గూకినంక అడివిల పేరు వెట్టి ఎవలన్న పిలుస్తరార? నేను సప్పట్లే కొట్టిన." ఆ మాట అంటూనే కొడవలి నా చేతిలో పెట్టింది. "నువ్వు పలికినవా?"

"పలకలే."

"మంచిగైంది. ఎనుకకు సూడకు, నడువు."

ఇల్లు చేరేదాకా ఆమె నా మణికట్టు వదల్లేదు. మర్నాటి నుంచి నేను నడుముకు ఒక పక్క కత్తీ, ఇంకో పక్క కొడవలీ కట్టుకుని పోతుంటే పిల్లలు పడీపడీ నవ్వేవారు. నవ్వితే నవ్వారు, ఉద్యోగం నిలిచింది.

దయ్యాలు లేవని తరతరాల పిల్లలకు పాఠం చెప్పి రిటైరయ్యాను, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కాకపోతే సాయంత్రం నడకలో వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, వాళ్లు ఎదురుగా వచ్చి నిలబడేదాకా పలకను. ముసలాయనకు చెవుడొచ్చిందని మా ఆవిడ పరేషానై మొన్న దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, మీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి, చిన్నప్పటి నుంచీ ఇంతే బాగా వినబడి ఉంటుంది అన్నాడు.

నా బాధ కూడా అదే కదండీ!