డ్రయ్యర్ పక్కన చెప్పుల జత

పలాసలో మా బావ జీడిపప్పు ఫ్యాక్టరీలో ఎవరైనా చెప్పులు గుమ్మం బయటే విడవాలి, తినే సరుకు కదా. ఈ రోజు వెళ్తే డ్రయ్యర్ పక్కన మాత్రం ఒక రబ్బరు చెప్పుల జత కనిపించింది. ఎవరివని పప్పు వలుస్తున్న లక్ష్మమ్మని అడిగాను.

"అందరియీనండి. ఆ మిషను ముట్టుకుంటే కరెంటు కొడతాది. అయి ఏసుకుంటే ఏటీ అవదు" అంది తాపీగా.

వెంటనే మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాను. లోపల ఒక వైరు ఒరుసుకుపోయి మిషను రేకుకి తగులుతోంది. ఎర్త్ వైరు ఎప్పుడో ఊడిపోయింది.

బావని నిలదీశాను.

"నాను పట్టించుకోలేదనుకున్నావేటి బావా? పాత జత అరిగిపోయిందని మొన్నే కొత్తది తెచ్చినాను" అన్నాడు.

మీ షాపుల్లో, మిల్లుల్లో ఇలాంటి జాగ్రత్తలు ఇంకేమున్నాయో చెప్పండి. ముట్టుకోకుండా చూసి చెప్పండి.