మూడో పిలుపు

మా అవ్వ మునెమ్మ ఇక లేదు. పోయిన మాసం, పట్టపగలు, పుత్తూరు పక్కన మా పల్లెలో వసారాలోని చాప మీదనే ఆమె పరమపదించింది. నాకా వార్త ఎవరూ తెలపలేదు. నేను అక్కడే ఉన్నాను. తిరుపతిలో నేను పాఠాలు చెప్పే బడికి సెలవిస్తే ఎర్రబస్సు దిగి వచ్చి, గడపలో నిలబడి "అవ్వా" అని రెండుసార్లు పిలిచాను. గోడవైపు తిరిగి నిద్రపోతోందనుకుని కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయాను. ఆ రెండు పిలుపుల వేళ ఆమె ప్రాణాలతో ఉందా, లేదా? నాటి నుంచి నన్ను దహిస్తున్న ప్రశ్న ఇదొక్కటే.

ఎందుకంటే మా అవ్వ, ఎవరు పిలిచినా మూడోసారికి గాని పలికేది కాదు. ఆమె పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, అక్కతో కలిసి మిట్టమధ్యాహ్నం రాగులు విసురుతుండగా, బయటినుంచి తల్లి గొంతు అక్కను పేరుపెట్టి పిలిచిందట. "వస్తా ఉండా మా" అంటూ అక్క లేచి వెళ్లింది. బయట ఎవరూ లేరు. తల్లి ఆ సమయాన రెండు మైళ్ల దూరంలో చెరకు తోటలో ఉంది. మూడోనాటికి అక్క జ్వరంతో కన్నుమూసింది.

"గాలికి ఓపిక ఉండదు మే. రెండు తూర్లు పిల్చి ఎల్లిపోతాది. మనిషయితే మూడో తూరీ పిలుస్తాడు," అనేది అవ్వ.

ఈ నియమంతో ఆమె మమ్మల్ని పెట్టిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. తిరుపతిలో కంటి ఆపరేషనుకు తీసుకెళ్తే, నర్సమ్మ రెండుసార్లు పేరు పిలిచి, తర్వాతి మనిషిని లోపలికి పంపేసింది. అవ్వ బెంచీ మీద నిశ్చలంగా కూర్చుంది. నాకు తల కొట్టేసినట్టయింది. "నీకు చెవుడా అవ్వా?" అని గద్దించాను.

"ఇనపడింది. ఆయమ్మకి నాతో పనుంటే ఇంగో తూరి పిలవకూడదా?" అంది తాపీగా. ఆ రోజు సాయంత్రం దాకా పడిగాపులు కాశాం.

ఉత్తరాలిచ్చే పోస్టుమ్యాను కూడా మూడుసార్లు పిలిచే కార్డు చేతికిచ్చేవాడు. అలాంటిది, ఆమె చేతిముద్దలు తిని పెరిగిన నేను రెండుసార్లతో ఊరుకున్నాను. కాసేపటికి మా పిన్నమ్మ, అవ్వ చిన్నకోడలు, పొలం నుంచి వచ్చి మూడుసార్లూ పిలిచి, తట్టి చూసింది. అప్పటికే ఒళ్లు చల్లబడి ఉంది. "ఇంగొక్క తూరి పిలవకపోతివే శాంతా," అని పిన్నమ్మ నా భుజం మీద పడి ఏడ్చింది.

పదకొండో నాడు కర్మ ముగిసి, బంధువులు భోంచేసి వెళ్లాక, నేనూ పిన్నమ్మా వంటింట్లో అంట్లు తోముతున్నాం. ఎండ నిలువునా కాస్తోంది. వసారాలోంచి "శాంతా" అని వినబడింది. అవ్వ గొంతే. నా పేరునలా సాగదీసి, ప్రేమగా పిలిచేవారు ఈ లోకంలో ఇంకొకరు లేరు. పిన్నమ్మ చేతిలో చెంబు ఆగిపోయింది. మళ్లీ "శాంతా" అని, కాస్త దగ్గరగా. పలకబోయాను. పిన్నమ్మ మసిచేత్తోనే నా నోరు మూసింది.

"ఉండు. ఇంగో తూరి పిలవనీ," అంది గుసగుసగా.

చేతుల తడి ఆరేదాకా ఎదురుచూశాం. మూడో పిలుపు రాలేదు. వసారాలోకి వెళ్లి చూస్తే ఎవరూ లేరు. వీధి కుక్క ఒకటి అవ్వ చాప పరిచే గోడవైపే చూస్తూ తోక ఊపుతోంది.

మనవరాలు వెంట రాకూడదనే అవ్వ మూడోసారి పిలవకుండా ఆగిపోయిందని పిన్నమ్మ అంటుంది. కావచ్చు. అక్షరం రాకపోయినా నన్నింతదాన్ని చేసిన ఆ పుణ్యమూర్తి పాదాలకు మొక్కి, పిల్లలకు పాఠాలు చెప్పే నేను సిగ్గు లేకుండా ఒక మాట రాస్తున్నాను. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ వసారాలో కూర్చుంటున్నాను. మూడోసారి పిలిస్తే పలుకుతాను.