నాలుగు దారాల గాలిపటం, రెండు పసుపు కొమ్ములు

నైలాన్ సంచీ జిప్పు లాగగానే పసుపు వాసన వచ్చింది. వర్షాలు వెలిశాయి కదా, గాలిపటానికి కాస్త ఎండ చూపిద్దామని మొన్న ఆదివారం బీరువా మీద నుంచి దించాను. పొడుగాటి సంచీలో చుట్టిపెట్టిన పసుపుపచ్చ గుడ్డ, నాలుగు దారాలు చుట్టిన అట్ట, రెండు పిడులు. ఇన్నేళ్లకి ఆ వాసన బాగా పలచబడింది, ముక్కు దగ్గరగా పెట్టుకుంటే తప్ప తెలియదు. తెలిసిందంటే మాత్రం వాకలపూడి తీరం, అక్కడి ఉప్పు గాలి, ఆ గాలిలో గంజి చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని తెల్ల కాన్వాసు బూట్లతో నిలబడ్డ సత్యవతి గారు, అన్నీ ఒక్కసారే వచ్చేస్తాయి. ఆవిడని ఎరగనివాళ్లకి ఆవిడ గురించి చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కాకినాడలో ఒక షిప్పింగ్ ఏజెన్సీలో చేరాను. రేవుకు వచ్చే ఓడల కాగితాల పని చూసే చిన్న ఆఫీసు అది. సత్యవతి గారు మా మేనేజరు. యాభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేవారు. టీ తెచ్చే అబ్బాయి దగ్గర్నుంచి ఓడ కెప్టెన్ దాకా అందరినీ మీరనే అనేవారు. సరుకు దిగడం ఆలస్యమైందని ఎవరైనా వచ్చి బల్ల గుద్ది మాట్లాడితే, ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తీరిగ్గా తుడుచుకుంటూ కూర్చునేవారు. వచ్చినాయన అలిసిపోయాక జోడు పెట్టుకుని, "ఇప్పుడు చెప్పండి" అనేవారు. రెండోసారి చెప్పేటప్పటికి ఆయనకే తన గొంతు మరీ పెద్దదనిపించేది.

అలాంటి మనిషి సాయంత్రాలు సముద్రపు ఒడ్డున గాలిపటం ఎగరేస్తారని తెలిసినప్పుడు నేను నమ్మలేదు. చూశాక నోరు తెరుచుకుని నిలబడిపోయాను. మనకు తెలిసిన గాలిపటానికి ఒకటే దారం. లాగడం, వదలడం, అంతే. ఆవిడ పటానికి నాలుగు దారాలు, చేతికొక పిడి, పిడికి పైన ఒక దారం, కింద ఒక దారం. మణికట్టు కాస్త వంచితే ఆ పటం వెనక్కి నడిచేది, పక్కకి జరిగేది, ఉన్నట్టుండి ఆకాశంలో ఆగి కదలకుండా నిలబడేది. ఒడ్డుకు వచ్చినవాళ్లంతా సముద్రం వైపు చూస్తుంటే, ఆవిడొక్కరే సముద్రానికి వీపు పెట్టి ఊరి వైపు చూసేవారు. గాలి వెనక నుంచి రావాలి మరి. ఎప్పుడో ఒక విదేశీ ఓడ చీఫ్ ఆఫీసరు, ఇంటి దగ్గర భార్య ప్రసవం కబురు తెలియక కంగారు పడుతుంటే, లైను కలిసేదాకా ఆవిడ ఫోన్ దగ్గర కూర్చున్నారట. తర్వాతి ప్రయాణంలో ఆయన ఆ పటం తెచ్చి చేతిలో పెట్టాడు. నేర్పేవాళ్లెవరూ లేకుండా ఆవిడే పడేసుకుంటూ, లేపుకుంటూ నేర్చుకున్నారు.

కోతల కాలంలో సామర్లకోట రోడ్డు మీద ఆరబోసిన ధాన్యంలోకి నా స్కూటీ పోయింది. ధాన్యం ఎటూ పోలేదు గానీ నా ఎడమ మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక అతికిందన్నారు, కానీ పిడికిలి ముడుచుకునేది కాదు. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చి నొక్కుతూ ఉండమన్నారు. నొప్పికి ఓర్చుకోలేక ఆ బంతిని మంచం కిందికి దొర్లించేసి మర్చిపోయినట్టు నటించేదాన్ని. నా జడ నేను వేసుకోలేనని పెనుగొండ నుంచి అమ్మ వచ్చి నా గదిలో మకాం పెట్టింది. మా నాన్నగారిది అక్కడ కిరాణా కొట్టు. మా ఇళ్లలో పొరుగూరు వెళ్లి ఉద్యోగం చేస్తున్న ఆడపిల్లను నేనే. అమ్మకి అది మొదటినుంచీ మింగుడుపడని సంగతి. "ఉగాది దాకా చూస్తానే. జడ కూడా వేసుకోలేనిదానివి ఇక్కడ ఒక్కదానివీ ఎలా ఉంటావు? చెయ్యి రాకపోతే సామాను సర్దుకుని వచ్చేద్దాం" అంది. తిరిగి వెళ్తే మళ్లీ కాకినాడ రావడం ఉండదని నాకు తెలుసు. ఆ ఉద్యోగం, ఆ చిన్న గది, నెల మొదట్లో నా సంతకంతో నేను తీసుకునే జీతం, అన్నీ ఆ పిడికిలిలో ఉన్నాయి.

ఆఫీసులో ఆ చేతిని చున్నీ కింద దాచుకుని తిరిగేదాన్ని. ఒకరోజు సత్యవతి గారు తన గదిలోకి పిలిచి, "ఆ చేతిని ఎందుకండి పరదా చాటున పెట్టారు? దానికి పని కావాలి గానీ" అన్నారు. బల్ల మీద గాలిపటాల బొమ్మల పుస్తకం ఒకటి తెరిచి నా వైపు తిప్పారు. ఆ చీఫ్ ఆఫీసరు ఓడ రేవులో ఉంది, వచ్చే ప్రయాణంలో ఒకటి తెచ్చిపెడతాడు, నచ్చింది ఎంచుకోమన్నారు. మీ దానితోనే నేర్చుకుంటానన్నాను. "నాది పల్చటి గాలికోసం కుట్టినదండి. మన వేసవి గాలికి చేతులు పీకేస్తది. నేను అలవాటుపడ్డాను, మీరు పడక్కర్లేదు" అన్నారు.

నేను పేజీలన్నీ తిప్పి అన్నింటికన్నా చిన్నదాని మీద వేలు పెట్టాను. "ఇదైతే ఎక్కువ లాగదు కదండీ" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "లాగదు. కానీ ఒకచోట నిలవదు కూడా. మీరు చెయ్యి కదిపేలోగా గిర్రున తిరిగేసి ఇసకలో ముక్కు పెడతది. కొత్తవాళ్లంతా చిన్నది తేలికనుకుంటారు. పెద్దదైతే నెమ్మదిగా తిరుగుద్ది. తప్పు చేశాక దిద్దుకోడానికి మీకు టైం ఉంటది" అన్నారు. మరి పెద్దదాని లాగుడు నా చెయ్యి ఓర్చుకోలేదు కదా అని అడిగాను. అప్పుడు పేజీ తిప్పి, పై అంచు పొడవునా జాలీగుడ్డ కుట్టిన పటం చూపించారు. సైజు తగ్గదు, గాలి కొంత జాలీలోంచి పోతుంది కాబట్టి చేతి మీదికి అంత బరువు రాదు. "ఈ పుస్తకం ఎక్కడో అచ్చేసింది. మనం చూసుకోవాల్సింది వాకలపూడిలో నాలుగింటికి వచ్చే గాలిని" అన్నారు. రంగు మాత్రం నన్నే ఎంచుకోమన్నారు. పసుపుపచ్చ అన్నాను. తర్వాత జీవితంలో చాలా కొన్నాను, చాలా ఎంచుకున్నాను. చిన్నదే సులువని చెయ్యి అటు పోయినప్పుడల్లా ఆ బల్ల దగ్గరి మాటలు గుర్తొచ్చి ఆగుతాను.

ఓడ తిరిగొచ్చేదాకా ఊరుకున్నారా అంటే అదీ లేదు. పాత కర్టెన్ రాడ్డు రెండు ముక్కలు చేయించి పిడులు తయారుచేశారు. వాటికి నాలుగు దారాలు కట్టి, రెండో కొసలు ఆఫీసు కిటికీ ఊచలకి బిగించారు. పని అయ్యాక రోజూ నేను ఆ పిడులు పట్టుకుని కిటికీకి ఎదురుగా నిలబడాలి. ఆవిడ కుర్చీలో కూర్చుని కారియరు సర్దుకుంటూ, "లాగకండి. బొటనవేళ్లతో నొక్కండి. ఇప్పుడు ఎడమ ఒక్కటే" అనేవారు. కిటికీని ఎగరేస్తున్నారా అని ఆఫీసులో అందరూ నన్ను ఆటపట్టించేవారు. నాకూ నవ్వొచ్చేది, నవ్వులో నొప్పి కొంత తెలిసేది కాదు. రబ్బరు బంతి చేయించలేని పని ఆ కిటికీ చేయించింది. మెల్లగా వేళ్లు పిడి చుట్టూ ముడుచుకోవడం మొదలైంది.

ఉగాది ఇంకా వారం ఉందనగా పటం వచ్చింది. మా కొట్లో కొత్త కాటా వచ్చినా, ఇంట్లో కొత్త ఫ్రిజ్జు వచ్చినా పసుపు కుంకుమ పెట్టనిదే ముట్టుకోరు. అమ్మ పటాన్ని దేవుడి ముందు పరిచి బొట్లు పెట్టింది. నేను తొందరగా చుట్టేసి సంచీలో దోపేశాను. సాయంత్రం అమ్మ కూడా తీరానికి వచ్చింది. ఇసకలో తువ్వాలు పరుచుకుని కూర్చుంది.

సత్యవతి గారు పటం నిలబెట్టి దారాలు తగిలించి పక్కకి జరిగారు. కిటికీ దగ్గర నేర్చుకున్నట్టే బొటనవేళ్లతో నొక్కాను. పటం లేచింది, మనిషెత్తు దాటింది, కుడికి ఒరిగి గుండ్రంగా తిరిగి ఇసకలో పడింది. మళ్లీ లేపాను, మళ్లీ కుడికే. ఎన్నిసార్లు లేపినా అంతే. ఎడమ చెయ్యి సరిగ్గా లాగితే కదా పటం నిటారుగా పోవడానికి. నా ఎడమ చెయ్యి ఇక ఎందుకూ పనికిరాదని ఊరందరికీ కనిపించేలా ఆకాశంలో రాసి చూపిస్తున్నట్టు అనిపించింది. అమ్మ లేచి తువ్వాలు దులుపుకుంది. "చాల్లే అమ్మా. నువ్వు కష్టపడలేదని ఎవరంటారు. ఇంటికెళ్లిపోదాం" అంది. కోపంగా అనలేదు, అందుకే నాకు ఇంకా భయం వేసింది. పిడులు కింద పెట్టేశాను.

సత్యవతి గారు ఒక్క మాట కూడా ధైర్యం చెప్పలేదు. "ఒకసారి నన్ను చూడనివ్వండి" అని ఆ పిడులు తన చేతుల్లోకి తీసుకున్నారు. పటం లేచింది. కుడికి ఒరిగి ఇసకలో పడింది. ఇంకోసారి లేపారు. మళ్లీ కుడికే పోయింది. ఆవిడ నా వైపు తిరిగి, "భవానీ, నీ చెయ్యి కాదు" అన్నారు. నన్ను నువ్వు అనడం అదే మొదలు, అదే ఆఖరు. నేను ఇసకలో కూలబడి ఏడ్చేశాను.

ఆవిడ పటం దగ్గరికి వెళ్లి వంగి చూశారు. పటానికి రెండు వైపులా సన్నటి తాళ్ల కట్టు ఉంటుంది, మన దారాలు దానికే తగిలిస్తాం. కుడివైపు కట్టుకి పసుపు దారంతో ఒక పసుపు కొమ్ము గట్టిగా చుట్టి ముడేసి ఉంది. ఆ ముడిలో తాడు కాస్త కురచైంది, అందుకే పటం అటు తిరుగుతోంది. పసుపుపచ్చ గుడ్డ మీద పసుపు దారం మా ఎవరి కంటా పడలేదు. అమ్మ ముఖం చిన్నబోయింది. "పొద్దున పూజలో నేనే కట్టానండి. కొత్త వస్తువు కదా, దిష్టి తగులుద్దని" అంది.

ఇంకెవరైనా అయితే నవ్వి, ఆ ముడి కోసి పారేసేవారు. నేనైతే కోసేసేదాన్నే. సత్యవతి గారు కొమ్మును వేలితో మెల్లగా నిమిరి, "మంచి పనే చేశారు వదినగారూ. కాకపోతే ఒక పక్కే కట్టారు. రెండో పక్క కూడా ఉంటే సరిపోద్ది. ఇంకోటి ఉందా అండి?" అన్నారు. అమ్మ సంచీలో వెతికి ఇంకో కొమ్ము తీసింది. "స్కూటీకి కడదామని తెచ్చానండి" అంది. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. సత్యవతి గారు రెండు వైపుల తాళ్లూ దగ్గరపెట్టి కొలత చూస్తుంటే, అమ్మ ఎడమవైపు చుట్లు బిగించింది. ఎక్కువైందంటే వదులు చేసింది, తక్కువైందంటే ఇంకో చుట్టు వేసింది.

ఈసారి పటం నిటారుగా లేచింది. మా తలల మీదుగా ఎత్తుకు వెళ్లాక రెండు బొటనవేళ్లూ కాస్త వదిలి పట్టాను. ఆకాశంలో ఆగి నిలబడింది. అమ్మ పటాన్ని చూడలేదు. పిడి చుట్టూ ముడుచుకున్న నా ఎడమ వేళ్లనే చూస్తూ ఉండిపోయింది. తర్వాత సత్యవతి గారి వైపు తిరిగి, "మరి స్కూటీకి ఏం కట్టమంటారండి?" అని అడిగింది. "ధాన్యం మీదికి పోకపోతే చాలండి దానికి" అన్నారు సత్యవతి గారు. ఆ మర్నాడే అమ్మ పెనుగొండ బస్సెక్కింది, ఒక్కతే.

సత్యవతి గారు పోయి ఇప్పటికి కొన్నేళ్లయింది. కబురు విన్న రోజు ఇంట్లోవాళ్లు కంగారుపడేంతగా ఏడ్చాను. ఇప్పుడు నా కింద కూడా కొంతమంది పిల్లలు పనిచేస్తున్నారు. ఎవరైనా తలదించుకుని వచ్చి, ఇది నావల్ల కావడం లేదు మేడం అంటే, ధైర్యం చెప్పను. ఆ పని ఒకసారి నా చేతిలోకి తీసుకుని చూస్తాను. చాలాసార్లు అది నా చేతిలోనూ కుడికే పోతుంది.

అమ్మ వెళ్లిన రోజు పొద్దున్నే అద్దం ముందు నిలబడి చాలాకాలం తర్వాత నా జడ నేనే వేసుకున్నాను. ఆఫీసులో సత్యవతి గారు కాగితాల మీద నుంచి తలెత్తి వెనక నుంచి చూసి, "కొంచెం కుడికి పోతోందండి" అన్నారు. విప్పి మళ్లీ వేసుకుంటానన్నాను. "వద్దు, ఉంచండి. మీరు వేసుకున్నదే కదా" అన్నారు. ఇవాళ్టికీ నా జడ కాస్త కుడికే పోతుంది.